కమ్మరికత్తి: పదను, పాయనము, సాన

'పదను' అనుమాట మన వాడుకలో రెండుచోట్ల వినబడును. తొలకరివాన కురిసిన పిమ్మట నేల విత్తుటకు తగిన తేమతో నున్నప్పుడు సేద్యగాడు నేల పదనుగా నున్నదనును. కత్తివాదర చక్కగా తెగుచున్నప్పుడు కత్తి పదనుగా నున్నదనును. నేలకును, ఇనుమునకును ఒకే మాట యెట్లు చెల్లినది? కన్నడమున 'హద', 'హదను' అనునవియు, తమిళమున 'పదం' అనునదియు నిట్లే తగిన స్థితి, తగిన పాకము అను నర్థముల నిచ్చుచున్నవి. కావున పదనుకు మొదటి యర్థము వాడియని తలపరాదు. ఎక్కువ తక్కువలు లేని తగిన స్థితియే పదను. నీరు చాలని నేలయు, నీరు నిలిచిన నేలయు విత్తునకెట్లు పనికిరావో, మెత్తని యినుమును, పెళుసైన యుక్కును కత్తికట్లే పనికిరావు. ఈ రెంటి నడిమి స్థితి నెఱిగి దాని నచట నిలుపుటయే కమ్మరి విద్య.

మదనపల్లె, పుంగనూరు, కుప్పము సీమలలో కొలిమికడ కత్తి యెట్లు తయారగునో, బొగ్గు, మన్ను, కొయ్య, లక్క మొదలగు ప్రకృతివస్తువులును, పాతబండ్ల నుండి విడిన యుక్కుముక్కలును అందెట్లు కూడునో వివరించుట యీ వ్యాసమున కుద్దేశము. పాతసామాను కరగియో, కాగియో కత్తియగుట చేతగానివాని పని యనియు, ప్రాచీనుల యుక్కు వేఱు, నేటి కమ్మరి పని వేఱనియు ననుకొనువారు కలరు. ఆ తలంపు సరికాదని యీ క్రింది విషయములవలన తేటపడును.

ఈ మూడూళ్లును పూర్వపు చిత్తూరుమండలమునకు పడమటివైపున, సముద్రమట్టమునకు రెండువేల యడుగులకు పైబడిన మెట్టసీమలో నున్నవి. రాగి, వేరుసెనగ, చెఱకు, పట్టుపురుగుల మేతకై మల్బరి, చింత, మామిడి ఈ సీమల పంటలు. పంట యెన్నివిధములో కత్తియు నన్నివిధములు. రాగివెన్నులు కోయుటకు సన్నని కొడవలి కావలయును. మల్బరి మొదళ్లను కత్తిరించుటకును, చింతకొమ్మలు నఱకుటకును, కంప కొట్టుటకును కొన వంగిన బరువైన మచ్చుకత్తి కావలయును. వంటింట కూరలు తఱుగుటకు కత్తిపీట, కల్లుగీతకు పలుచని గీతకత్తి, వక్కలకు అడకత్తెర కావలయును. వీనిలో నొక్కదాని పదను మఱియొకదానికి చెల్లదు. కొడవలివలె పలుచగా సాగగొట్టిన మచ్చుకత్తి మొదటి దెబ్బకే పండ్లు విఱిసినట్లగును. మచ్చుకత్తివలె మందముగా నున్న గీతకత్తి గెలను చిదుమునే గాని కోయదు.

కుప్పమునకు పడమట కన్నడదేశమును, దక్షిణమున తమిళదేశమును అంటియున్నవి. 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయ మచ్చట వెలయుటకు ఈ భాషల కూడలియే తగిన తావు. ఈ కూడలిలో కొలిమి మాటలను పోల్చి చూచిన, ఈ వృత్తి యెంత పాతదో తెలియును. 'కత్తి' మూడుభాషలకును ఒక్కటియే. మన 'కొడవలి' తమిళమున 'కొడువాళ్', కన్నడమున 'కుడుగోలు'. మన మచ్చుకత్తిలోని 'మచ్చు' కన్నడమున నదే రూపమున నున్నది. మన 'తిత్తి'కి కన్నడమున 'తిది', తమిళమున 'తురుత్తి' జ్ఞాతులు. తమిళమున కమ్మరిని 'కొల్లన్' అందురు. మన 'కొలిమి'యు నా ధాతువునకే చేరినదని భాషాశాస్త్రజ్ఞుల మతము. ఇట్లు పనిముట్ల పేళ్లు మూడుభాషలయందును ఒక మూలమునుండి వచ్చియుండుట, ఆ భాషలు విడిపోకమున్నే ఈ పని యెఱుగబడి యుండెనని సూచించుచున్నది.

వీనిలో ప్రపంచమంతయు తిరిగిన మాట 'ఉక్కు'. తమిళమున దీనికి 'ఉరుక్కు' అని రూపము. కరగినది, కరగించినది అని యర్థము. ఐరోపావా రీ లోహమును 'వూట్జు' అని వ్రాసిరి. ఆ మాట మన 'ఉక్కు'నకే వికృతి యని పెక్కుమంది యంగీకరించుచున్నారు. 1795లో జార్జి పియర్సను అను పండితుడు లండను రాయల్ సొసైటీవారి పత్రికలో దీనిని గూర్చి పరిశోధనవ్యాసమును ప్రకటించెను. విద్యుత్తును గూర్చిన పరిశోధనలచే పేరుగన్న మైకేలు ఫారడే, తన తొలిదినములలో, 1820, 1822 సంవత్సరములలో, స్టొడార్టు అను శస్త్రకారునితో కలిసి ఈ యుక్కు రహస్యమును తెలిసికొనుటకై చేసిన ప్రయోగములను వెలువరించెను. ఫారడే తండ్రియు కమ్మరియే.

తెలుగుదేశమున ఈ యుక్కునకు ప్రసిద్ధి గాంచిన తావు నిజామాబాదు ప్రాంతములోని కోనసముద్రము. హెన్రీ వాయిసీ అను శాస్త్రజ్ఞు డచ్చటి పద్ధతిని చూచి వ్రాసిన వివరణ, ఆతని మరణానంతరము 1832లో బంగాళ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చుపడినది. ఇనుమును మట్టిమూసలో నుంచి, మూతి మూసి, బొగ్గునిప్పులో చాలసేపు కాచి, మెల్లగా చల్లార్చి ముద్దలుగా తీయుదురు. ఆ ముద్దలను పారసీక వర్తకులు కొనిపోయెడివారు. ఇనుమున కర్బనము చేరుటయే యిందలి రహస్యము. నూటికి ఒకటిన్నర పాలు కర్బనము చేరినచో మెత్తని యినుమే మేలైన యుక్కగును.

ఈ విద్య పందొమ్మిదవ శతాబ్దమున క్షీణించినది. ఓడలపై వచ్చిన యింగ్లండు ఇనుము అంగళ్లలో అగ్గువగా దొరకజొచ్చెను. 1882నాటి మద్రాసు అటవీశాసనము మొదలగువానిచే అడవిబొగ్గు కొఱతపడెను. ఇసుకనుండియు, ఱాతినుండియు ఇనుము తీయువారు ఆ పని విడిచిరి. కాని కొలిమి ఆఱలేదు. ఇనుము తీయుట పోయినను, తీసిన యినుమును కత్తిగా మార్చుట నిలిచినది. కమ్మరి అంగడినుండి వచ్చిన కమ్మీలను, తరువాత పాతసామానును ఆశ్రయించెను. ముడిఱాతిలో ఇనుమును గుర్తించిన చూపే నేడు తుక్కుకుప్పలో ఉక్కును గుర్తించుచున్నది.

పాతసామానులో ఏది కత్తికి పనికివచ్చును? అన్నిటికంటె ఎక్కువగా వాడబడునది లారీ కమానుపట్టీ. అందు కర్బనము నూటికి అరపాలు మొదలు ఆఱుపదవవంతులు వఱకుండును. దానితో సిలికానో, మాంగనీసో, క్రోమియమో కొలదిగా కలిసియుండును. బండి బరువు మోసి వంగి మరల లేచుటకు చేసినదగుటచే ఈ యుక్కు సులభముగా విఱుగదు. కావున మచ్చుకత్తికిది మిక్కిలి తగినది. పాత ఆకుఱాయిలో కర్బనము నూటికి ఒకటికి మించియుండును. అది సన్నని వాదరకు తగినది. బేరింగు కంకణములలో కర్బనము ఒకపాలు, క్రోమియము ఒకటిన్నరపా లుండును. అది మిక్కిలి గట్టిది, కాని దానిని సాగగొట్టుట కష్టము. ఇండ్లు కట్టు ఇనుపకమ్మీ, బండిచక్రపు పట్టా, తలుపు గడియ యివి మెత్తని యినుము. వీనిని ఎంత కాచి నీట ముంచినను గట్టిపడవు. వీనితో చేసిన కత్తి చూచుట కందముగా నుండును గాని నాలుగుదినములలో మొక్కవోవును.

రూపము చూచినంతనే లోహము తెలియదు. కావున కమ్మరికి మూడు పరీక్షలు కలవు. మొదటిది సానపరీక్ష: ముక్కను తిరుగుచున్న సానకు తాకించినప్పుడు మెత్తని యినుమునుండి నిప్పురవలు పొడవుగా, తిన్నగా సాగును, కర్బనము గల యుక్కునుండి రవలు చిట్లి పూవులవలె విచ్చును. రెండవది ఆకుఱాయిపరీక్ష: చిన్నముక్కను ఎఱ్ఱగా కాచి నీట ముంచి ఆకుఱాతితో గీయగా, ఆకుఱాయి జారిపోయిన నది యుక్కు, కొఱికిన నది యినుము. మూడవది విఱుపుపరీక్ష: గట్టిపఱచిన ముక్కను సమ్మెటతో విఱిచి చూచినచో మేలైన యుక్కు సన్నని రేణువులతో బూడిదరంగుగా కనబడును, మితిమీరి కాచినది ముతకగా మెఱయును.

ఇందు రెండు జాగ్రత్తలు ముఖ్యము. విఱిగిన కమానుపట్టీలో కంటికి కనబడని పగుళ్లుండవచ్చును. కాచినప్పుడు నల్లనిగీతగా కనబడిన పగులు గల భాగమును కోసి పాఱవేయవలయును. తుత్తునాగపు పూత గల యినుమును కొలిమిలో పెట్టరాదు. ఆ పొగ జ్వరమును, ఊపిరికి బాధను కలిగించును.

ఇక కొలిమి. నేలలో త్రవ్విన గుంటకు మట్టిని మెత్తి, అడుగున గాలిగొట్టము నమర్తురు. పూర్వము మేకతోలు తిత్తులతో గాలి నూదెడివారు. నేడు చేతితో త్రిప్పు చక్రముగాని, విద్యుత్తుతో తిరుగు పంఖాగాని ఆ పని చేయుచున్నది. బొగ్గు కఱ్ఱబొగ్గై యుండవలయును. గనిబొగ్గున గంధక ముండుటచే ఉక్కు చెడుటకు వీలుకలదు. చింతబొగ్గు, తుమ్మబొగ్గు మేలైనవి. తెలుగు మెట్టసీమలందు కంపగా పెరిగి పొలములనాక్రమించు సీమతుమ్మయు మంచి బొగ్గునిచ్చును. నిరుపయోగమను పేరుగల చెట్టును, పాఱవేసిన పట్టీయు ఈ కొలిమిలో కలిసి పనికివచ్చుచున్నవి.

కమానుపట్టీని కావలసిన పొడవునకు కోసి, నారింజరంగు వచ్చువఱకు కాచి, పట్టుకారుతో దాగలిపై నుంచి, కమ్మరి సుత్తితో చోటు చూపగా తోడివాడు సమ్మెటతో కొట్టును. మొదట వంపు తీసి చదునుచేయుదురు. తరువాత పిడిలో దిగవలసిన సన్ననికొనను సాగగొట్టుదురు. పిమ్మట వెన్ను మందముగా నుంచి, వాదరవైపు పలుచన చేయుదురు. వాదరను పలుచన చేయుచుండగా కత్తి వెన్నువైపునకు వంగును. కావున నేర్పరి ముందుగానే దానిని ఎదురువైపునకు కొంచెము వంచియుంచును. పని ముగియునప్పటికి కత్తి తనంత తానే తిన్ననగును. ఎఱుపు తగ్గి నల్లబడిన లోహమును కొట్టరాదు; తెల్లగా మండి నిప్పుపువ్వులు రాల్చువఱకు కాచరాదు. మొదటిది పగుళ్లను కలిగించును. రెండవది ఉక్కులోని కర్బనమును కాల్చివేయును. రూపు వచ్చిన కత్తిని ఎఱ్ఱగా కాచి బూడిదలో పూడ్చి మెల్లగా చల్లాఱనిత్తురు. సుత్తిదెబ్బలచే లోహమున పుట్టిన బిగువు దీనిచే సడలును.

ఇప్పుడు కత్తికి ఆకారము కలదు గాని పదను లేదు. దానినిచ్చునది పాయనము. ఈ మాట సంస్కృతమునుండి వచ్చినది. త్రాగించుట అని యర్థము. కాగిన లోహమును ద్రవములో ముంచుటను లోహము దానిని త్రాగుటగా పూర్వులు భావించిరి. సుశ్రుతసంహిత సూత్రస్థానమున ఎనిమిదవ యధ్యాయము వైద్యశస్త్రములను గూర్చినది. క్షారమున, నీట, నూనెలో నని పాయన మూడువిధములుగా నందు చెప్పబడినది. క్షారపాయితము బాణములను, శల్యములను, ఎముకలను ఛేదించుటకును, ఉదకపాయితము మాంసమును కోయుటకును, తైలపాయితము సిరలను గ్రుచ్చుటకును, స్నాయువులను ఛేదించుటకును తగినవట. నేటి లోహశాస్త్రముచే నీ విభాగమును చూచిన మిక్కిలి అర్థవంతముగా నున్నది. క్షారములు, లవణములు కలిసిన నీరు కాగిన లోహమును మంచినీటికంటె వేగముగా చల్లార్చును. నూనె మంచినీటికంటె మెల్లగా చల్లార్చును. వేగము హెచ్చినకొలది గట్టితనము హెచ్చును, పెళుసుతనమును హెచ్చును. అనగా సుశ్రుతుని మూడువిధములు చల్లార్చు వేగము ననుసరించిన క్రమమే.

ఆఱవ శతాబ్దమువాడైన వరాహమిహిరుడు బృహత్సంహితలోని ఖడ్గలక్షణాధ్యాయమున మఱికొన్ని పాయనములను చెప్పెను. వానిలో నొకటి అరటిక్షారమును మజ్జిగతో కలిపి ఒకదినము నిలువయుంచి దానిలో పాయనము చేయుట. అట్టి యాయుధము చక్కగా సానపట్టినచో ఱాతిపై విఱుగదనియు, ఇతరలోహములపై మొక్కవోదనియు నాతడు వ్రాసెను. ఆతడు చెప్పిన నెత్తురు, పాలు మొదలగు ద్రవములలో ఆచారమునకు సంబంధించిన దెంతయో, పనికి సంబంధించిన దెంతయో విడదీయవలసియున్నను, ద్రవభేదముచే గుణభేదము కలుగునను మూలసూత్రము సత్యము.

ఈ సూత్రము నేటి తుక్కుకు మఱింత ముఖ్యము. పూర్వపు ఉక్కులో కర్బనము తప్ప వేఱులోహము లంతగా లేవు. దానిని నీటిలో పాయనము చేయుట వాడుక. క్రోమియము, మాంగనీసు కలిసిన కమానుపట్టీని చన్నీట ముంచినచో టింగున పగులును. కావున దానికి కానుగనూనెగాని, వేరుసెనగనూనెగాని కొంచెము వెచ్చచేసి వాడుట మేలు. తాతనాటి నీటితొట్టినే పట్టుకొని యుండక, తనచేతికి వచ్చిన లోహమునుబట్టి ద్రవమును మార్చుకొనువాడే సంప్రదాయమును నిలుపువాడు. సంప్రదాయ మనగా తొట్టికాదు. తొట్టిలో ఏమి పోయవలయునో నిర్ణయించు వివేకము.

పాయనమునకు కత్తి నెంత కాచవలయును? సుమారు 770 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో ఇనుము అయస్కాంతమునకు అంటుట మానును. ఆ స్థితికి కొంచెము పైని, మాగిన దానిమ్మగింజవంటి యెఱుపులో వాదరను ముంచవలయును. ఈ రంగు మిట్టమధ్యాహ్నపు వెలుతురులో కనబడదు. అందుచే కొలిమిని నీడలో, కప్పుక్రింద నుంతురు. కత్తినంతను ముంచక వాదరను మాత్రమే ముంచిన వెన్ను మెత్తగా నిలిచి దెబ్బను సైచును.

ఇట్లు ముంచిన వాదర గాజువలె గట్టిదై గాజువలెనే విఱుగును. ఇక్కడనే తొందరపాటువా రాగిపోవుదురు. కత్తిని మరల మెల్లగా కాచవలయును. వాదరను ఱాతితో తుడిచి తళతళలాడించి, వెన్నును కాగిన యినుపదిమ్మెపై నుంచినచో, వేడి వెన్నునుండి వాదరకు ప్రాకును. దానితో రంగులు నడచును. మొదట గడ్డిపసుపు, సుమారు 220 డిగ్రీలు. తరువాత తేనెరంగు, సుమారు 250. పిదప ఊదా, సుమారు 280. తుదకు నీలము, సుమారు 300. వంటకత్తికి వాదరపై గడ్డిపసుపు రాగానే నిలుపవలయును. కఱ్ఱ నఱకు మచ్చుకత్తికి ఊదాయో నీలమో రావలయును. ఒక్క నిమిషము ముందైన వాదర చిట్లును. ఒక్క నిమిషము వెనుకైన మడతపడును. చిట్లిన యుక్కుముక్క నఱకువాని కంటిలో పడిన చూపుపోవును. కావున ఈ రంగులను చదువుట కమ్మరి కన్నులకే గాక, ఆ కత్తి పట్టువాని కన్నులకును రక్ష.

మూడవది సాన. లోకవ్యవహారమున పదను పెట్టుట యనగా సానపట్టుటయే యని తలతురు. కొలిమికడ నివి మూడువేఱుపనులు. పాయనము లోహము లోపలి గుణమును మార్చును. సాన వెలుపలి వాదరను తీర్చును. ఈ రెండును సరిపడినచో కలుగు ఫలము పదను. పాయనము లేని కత్తికెంత సానపట్టినను ఆ వాడి ఒక పూట నిలువదు. సానకు మనవారు కురువిందపు పొడిని లక్కతో కలిపి చక్రముగా చేసి వాడుటకలదు. ఇంగ్లీషువారు ఆ ఱాతిని 'కొరండం' అని పిలుచుట మన భాషల మాటనుండియే. యంత్రపుసానపై వాదరను ఎక్కువసేపు నొక్కినచో నీలిరంగు వచ్చి చేసిన పాయనమంతయు చెడును. అందుచే మాటిమాటికి నీట తడుపుచు సానపట్టవలయును.

తుదకు పిడి. తుమ్మ, చింత, వేప కొయ్యలు ఎండి నిలువయున్నవి పనికివచ్చును. పచ్చికొయ్య ఎండినపిమ్మట కుదించుకొని కత్తి వదులగును. కొయ్యకు రంధ్రముచేసి, అందు లక్కపొడి పోసి, కత్తి సన్ననికొనను కాచి దించిన లక్క కరగి, చల్లాఱి బిగియును. పిడి చీలకుండ మొదట ఇనుపపొన్ను తొడుగుదురు; పాత గొట్టపుముక్క దానికి చాలును. ఎనుముకొమ్ముతోడను పిడులు చేయుదురు. జింకకొమ్ము మాత్రము 1972నాటి వన్యప్రాణి సంరక్షణశాసనముచే నిషిద్ధము.

పూర్వము గ్రామమున కమ్మరి ఆయగాండ్రలో నొకడు. కఱ్ఱు, కొడవలి, కత్తి బాగుచేసినందుకు కల్లముకడ మేరగా ధాన్యము పొందెడివాడు. కత్తి చెడిన నది యతని వాకిటికే మరల వచ్చును గాన, పనిలో మోసమునకు తావు లేకుండెను. నేడు కత్తి అంగడినుండి వచ్చును. చెడినచో తుక్కునకు పోవును. చేసినవాడు దాని గతి నెఱుగడు. అగ్గువయైన యంత్రపుకత్తితో పోటీపడలేక కొలిమి ఆఱినచోట పోవునది ఒక కుటుంబపు జీవనము మాత్రమే కాదు. ఏ రంగున నిలుపవలయునో, ఏ రవ యేమి చెప్పునో తెలిసిన యెఱుకయు, దానిని చెప్పు మాటలును పోవును.

1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి పక్షమున భద్రిరాజు కృష్ణమూర్తిగారు వ్యవసాయపదములతో మాండలిక వృత్తిపదకోశపు మొదటిసంపుటమును వెలువరించి, వృత్తిపదములను ఊరూర విని సేకరించు మార్గమును చూపిరి. ఆ మార్గమున కొలిమిమాటలను చేర్చుటకు మూడుభాషల యెల్లయైన ఈ సీమకంటె తగినచోటు లేదు. సేకరించువారు పనిముట్ల పేళ్లతో తృప్తిపడరాదు. నిప్పురంగులకు, సానరవలకు, విఱుపున కనబడు రేణువులకు, సుత్తి మ్రోతలోని తేడాలకు కమ్మరు లేయే పేళ్లు పెట్టిరో అడిగి, పని జరుగుచుండగానే వ్రాసికొనవలయును. ఆఱిన కొలిమికడ కూర్చుండి అడిగిన నిప్పురంగుల పేళ్లు ఎవరికి జ్ఞప్తికి వచ్చును?

చదువరులలో కత్తి కొనువారు సంతలో దాని మెఱుపును చూడక, ఇది దేనితో చేసినది, నీట ముంచితివా నూనెలోనా, ఏ రంగున నిలిపితివి అని అడుగుదురుగాక. తడుముకొనక బదులు చెప్పువాని కత్తిని అతడు చెప్పిన వెలకు కొనుట న్యాయము.